వ్యూస్ లెక్క వేరు, చదివింపుల లెక్క వేరు

ప్రశ్న: మాది నిడదవోలు. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. మూడేళ్లుగా యూట్యూబ్‌లో జాకెట్టు కటింగ్, కుట్టు నేర్పే ఛానెల్ నడుపుతున్నాను. 38 వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. పొడవు వీడియోల మీద ప్రకటనల డబ్బు నెలకు ఆరు నుంచి తొమ్మిది వేలు వస్తుంది. ఏడాదిగా షార్ట్స్ ఎక్కువగా పెడుతున్నాను. ఒకదానికి 11 లక్షల వ్యూస్ వచ్చాయి కానీ దానికి వచ్చిన డబ్బుతో మిషన్‌కు మంచి మోటారు కూడా రాదు. సినిమా పాట పెట్టినందుకే కోత పడిందని తెలిసినవాళ్లు అంటున్నారు. కామెంట్లన్నీ ‘అక్కా, నా సైజు 36, చంక దగ్గర లూజు వస్తోంది’ లాంటివే. జవాబులు రాసి రాసి విసుగు పుడుతోంది. మెంబర్‌షిప్ పెట్టమని ఒకరంటే, పెడితే డబ్బు మనిషి అనుకుంటారని మావారు అంటున్నారు. ఈ మధ్య ఒక పందేల యాప్ వాళ్లు నిమిషం మాట్లాడితే 40 వేలు ఇస్తామన్నారు. ఇవి కాక కొత్త దారులు ఏమైనా ఉన్నాయా?
- పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: ముందు ఆ 40 వేల సంగతి తేల్చేద్దాం. వద్దు.

నీతి చెప్పడానికి కాదు, మీ క్షేమం కోసమే అంటున్నాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని నటులతో పాటు యూట్యూబర్ల మీద కూడా కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం అలాంటి ఆటలకు ప్రకటన చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. మీకు ఫోన్ చేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే నిమిషానికి 40 వేలు ఇస్తామంటున్నారు. మీ మూడేళ్ల పనికి అంత ధర కట్టారని మాత్రం అనుకోకండి.

ఇక పాట సంగతి. మీకు చెప్పినవాళ్లు సగమే తెలుసుకుని చెప్పారు. పొడవు వీడియో మొదట్లోనో చివరో వచ్చే ప్రకటన ఆ వీడియోది. దాని మీద వచ్చినదాంట్లో 55 శాతం మీకు వస్తుంది. షార్ట్స్‌లో అలా కాదు. అక్కడ ప్రకటన ఒక షార్ట్‌కూ ఇంకో షార్ట్‌కూ మధ్యలో వస్తుంది కాబట్టి అది ఎవరిదని తేల్చడం కుదరదు. అందుకని నెలలో వచ్చినదంతా ఒక కుప్ప పోస్తారు. పాటల హక్కుదారుల వాటా ముందే తీసేస్తారు. మిగిలినదాన్ని ఒక్కో దేశంలో ఎవరికి ఎన్ని వ్యూస్ వచ్చాయో చూసి భాగాలు వేస్తారు. మీ భాగానికి పడినదాంట్లో 45 శాతం మీ చేతికి వస్తుంది. మీరు పాట పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే. గోదావరి జిల్లావారికి కళ్లంలో ధాన్యం కొలిచే పద్ధతి నేను చెప్పాలా? కుప్పలోంచి ఇవ్వవలసినవాళ్లకు ముందే కొలిచి, ఆ తరువాత పాలు పంచుతారు, అంతే. ఆ కుప్ప మీద ఆశ పెట్టుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు, కొలిచేసరికి ఒక్కొక్కరికీ గుప్పెడు వస్తుంది. అదే పాట పొడవు వీడియోలో పెడితే మాత్రం జాగ్రత్త. హక్కుదారు అడిగితే ఆ వీడియో మీద ప్రకటన డబ్బు వాళ్లకు వెళ్లిపోవచ్చు.

కాబట్టి షార్ట్స్‌ను సంపాదనగా చూడకండి, కొట్టు ముందు కట్టే బోర్డుగా చూడండి. బోర్డు చూసినవాడు లోపలికి రావాలి కదా. ప్రతి షార్ట్‌కూ సంబంధిత పొడవు వీడియోను జత చేసే సదుపాయం ఉంది. మీ ఛానెల్ చూశాను. ఆ 11 లక్షల షార్ట్‌కు ఏదీ జత చేయలేదు. బోర్డు ఒక వీధిలో, కొట్టు ఇంకో వీధిలో అన్నమాట.

మీరు అసలు అడిగింది కొత్త దారుల గురించి. అవి ఏమిటో చెప్పే ముందు ఒక పాత సంగతి.

చిన్నప్పుడు మా ఊరి రామాలయం పందిట్లో శ్రీరామనవమికి హరికథ ఉండేది. దాసుగారు కథ మంచి పట్టులో ఉండగా చిడతలు ఆపేవారు. ఎవరో చీటీ అందించేవారు. ఆయన దాన్ని దీపం దగ్గరగా పట్టుకుని, ఫలానా వీధి ఫలానా వారి కోడలు 116 రూపాయలు చదివించారని పేరు, ఇంటిపేరు, ఊరు సహా చదివి దీవించేవారు. పందిట్లో తలలన్నీ ఒక్కసారి అటు తిరిగేవి. ఆ కోడలు తల వంచుకునేది కానీ ముఖం వెలిగిపోయేది. పద్యనాటకంలోనూ ఇంతే. కాటి సీనులో పద్యం అయ్యాక ‘వన్స్ మోర్’ అని అరిచి, స్టేజీ దగ్గరికి వెళ్లి నోటు పిన్నుతో గుచ్చి వచ్చేవారు ఉండేవారు. కథ అందరూ ఉచితంగానే విన్నారు, టికెట్టు లేదు. ఇచ్చినవాళ్లు ఇచ్చింది కథకు కాదు. తమ పేరు ఆయన నోట వినబడినందుకు, తమకు కావలసిన పద్యం మళ్లీ పాడినందుకు.

యూట్యూబ్ 2017లో లైవ్‌లో డబ్బు పంపే సూపర్ చాట్ తెచ్చింది, 2018లో నెలనెలా కట్టే మెంబర్‌షిప్, 2021లో మామూలు వీడియోకు డబ్బు పంపే సూపర్ థాంక్స్. సాఫ్ట్‌వేర్ పేర్లు తీసేసి చూడండి, మూడూ చదివింపులే. లైవ్ నడుస్తుండగా డబ్బుతో పాటు పంపిన మాట రంగు పట్టీలో పైకి తేలుతుంది, మీరు పేరు పెట్టి చదువుతారు. వీటిలో 70 శాతం ఛానెల్ నడిపేవారికి వస్తుంది. ప్రకటనల్లో వచ్చే వాటా కన్నా ఎక్కువ. పైగా ఇక్కడ లక్షల మంది అక్కర్లేదు. వంద మంది నెలకు వంద రూపాయలు కడితే పది వేలు. అందులో 70 శాతం అంటే ఏడు వేలు. పన్నులు, యాప్ స్టోర్ రుసుములు ముందే తీస్తారు కాబట్టి మీ చేతికి అంతకన్నా కొంత తక్కువ వస్తుంది. మీరిప్పుడు నెలంతా ప్రకటనల మీద సంపాదిస్తున్నది ఇంచుమించు అంతే కదా. మీ 38 వేలలో వంద మంది అంటే 380 మందిలో ఒక్కరు.

మీవారు అన్న మాటను నేను కొట్టిపారేయను. మనలో చేయి చాపడానికి మొహమాటం ఎక్కువ. కానీ దాసుగారు ఎవరినీ అడుక్కోలేదు, చీటీ వస్తే చదివారు. తేడా అంతా అక్కడే ఉంది. ‘సపోర్ట్ చేయండి ఫ్రెండ్స్’ అని వీడియోకు రెండుసార్లు అంటే డబ్బు మనిషి అనుకుంటారు, అనుకోవాలి కూడా. ఇప్పటిదాకా ఉచితంగా నేర్పుతున్నదాన్ని తీసి తాళం వేసినా అనుకుంటారు. ఆ రెండూ చేయకండి.

మరి డబ్బు దేనికి తీసుకోవాలి? దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు విసుగు అని రాసిన చోట. ‘సైజు 36, చంక లూజు.’ ఆ కామెంట్ రాసినామె ఏం చేసిందో ఊహించండి. మీ వీడియో ఆపుతూ, మళ్లీ పెడుతూ, పాత దినపత్రిక మీద గీసి, లైనింగు గుడ్డ మీద కత్తెర వేసి, రాత్రి పది దాకా కుట్టి, తొడుక్కుని అద్దంలో చూసుకుని, బాగా రాలేదని మళ్లీ మీ దగ్గరికే వచ్చింది. 11 లక్షల మందిలో ఇంత పని చేసినవాళ్లు ఎంత మంది? చంక లూజు రావడానికి కారణం ఒకటే ఉండదు కూడా. చంక దింపు ఎక్కువ తీసి ఉండవచ్చు, భుజం వెడల్పు పెరిగి ఉండవచ్చు, ఆది జాకెట్టే సాగిపోయి ఉండవచ్చు. కామెంట్‌లో మీరు రెండు వాక్యాలు రాస్తే తేలదు. జాకెట్టు చూస్తే మీకు అర నిమిషంలో తెలుస్తుంది.

అందుకని వారానికి ఒక లైవ్ పెట్టండి. కామెంట్లకు జవాబులు రాయడం తగ్గించి, అన్నింటినీ అక్కడికి మళ్లించండి. వారం మొదట్లో ఒక పోల్ పెట్టండి: ఈసారి బోట్ నెక్ లైవ్ కావాలా, కాలర్ నెక్ కావాలా, ప్రిన్సెస్ కటా అని. ఓటు వేసినవాళ్లకు అది తమ పాఠం అనిపిస్తుంది. సరిగా కుదరని జాకెట్ల ఫొటోలు ముందే పంపమనండి, ముఖాలు కనబడకుండా. లైవ్‌లో రెండు మూడు తీసుకుని, టేబుల్ మీద కాగితం పరిచి, సుద్దతో తప్పు ఎక్కడుందో గీసి చూపండి. ఎవరి ఫొటో తీసుకున్నా వాళ్లను పేరు పెట్టి పిలవండి. భీమవరం నుంచి ఫలానా అని ఊరు కూడా చెప్పండి. మొదటి లైవ్‌కు ముప్పై మంది వస్తారేమో. నిరాశ పడకండి, పందిరి రెండో ఏటికి నిండుతుంది.

మెంబర్‌షిప్ ఇలా వారం వారం వచ్చేవాళ్లు తేలాక పెట్టండి, ముందు కాదు. వాళ్లకు ఇచ్చేది కూడా ఒక్కటే ఉండాలి: నెలకు ఒకసారి వాళ్లు మాత్రమే ఉన్న లైవ్‌లో వాళ్ల జాకెట్టు చూసి సరిదిద్దడం. బ్యాడ్జీలు, స్టిక్కర్లు అంటూ అయిదు స్థాయిలు పెట్టినవాళ్లు మూడో నెలకల్లా ఏది ఎవరికి బాకీ ఉన్నారో మరిచిపోతారు. మీకు పండగ ముందు, పెళ్లిళ్ల రోజుల్లో కుట్టు పని ఎక్కువ. ఆ నెలల్లో కూడా నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వండి.

నాకు అన్నింటికన్నా ఆశగా కనిపిస్తున్న దారి ఇంకొకటి ఉంది. దానికి యూట్యూబ్ అనుమతి కూడా అక్కర్లేదు. మీ కటింగ్ కాగితాలు.

మీరు ప్రతి వీడియోలో గీసేది చివరికి ఒక కాగితపు నమూనానే. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, పట్టీ. సైజు 32 నుంచి 42 దాకా ఒక్కో మెడకు ఒక్కో జత గీసి, స్కాన్ చేయించి, మామూలు ఏ-4 కాగితాల మీద ముద్రించుకుని అతికించుకునేలా ఫైలు చేయించవచ్చు. మీ ఊళ్లోనే డీటీపీ షాపులో అయిపోతుంది. ఒక్క జాగ్రత్త. మొదటి పేజీలో సరిగ్గా ఒక అంగుళం చదరపు గడి గీయించండి. ముద్రించాక టేపుతో దాన్ని కొలవమని రాయండి. చాలా ప్రింటర్లు పేజీకి సరిపోవాలని బొమ్మను కొంచెం కుదిస్తాయి. అంగుళానికి అర నూలు, అంటే పదహారో వంతు తగ్గినా జాకెట్టు చుట్టుకొలతలో రెండు అంగుళాల పైనే పోతుంది. అప్పుడు తిట్టేది ప్రింటర్‌ను కాదు, మిమ్మల్ని. కుట్టుకు వదిలిన గుడ్డ ఎంతో, ఎక్కడ విప్పుకోవచ్చో గీతల మీదే రాయించండి. తరువాత సైజు పెరిగినామె కూడా అదే వాడుకుంటుంది.

ధర వంద లోపు పెట్టండి. యూపీఐలో కట్టించుకుని వాట్సాప్‌లో పంపండి. ఫైలు గ్రూపుల్లో తిరుగుతుంది, తిరగకుండా ఆపలేరు. ప్రతి పేజీ మీద మీ ఛానెల్ పేరు వేయించండి, తిరిగినంత దూరం అదీ తిరుగుతుంది. కొన్నవాళ్లకు మాత్రం కుట్టాక ఒకసారి ఫొటో చూసి సరిదిద్దుతానని రాయండి. ఫైలును ఎవరైనా పంచుకోవచ్చు కానీ మీ కంటిని పంచుకోలేరు.

ఈ కాగితాలకు అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు మంచి గిరాకీ అవుతారని నా నమ్మకం. అక్కడ జాకెట్టు కుట్టించుకోవడం ఖరీదైన పని. చాలామంది ఇండియా వచ్చినప్పుడు పది పదిహేను ఒకేసారి కుట్టించుకుని పట్టుకెళతారు. మీ గణాంకాల్లో ఏ దేశం నుంచి ఎంత మంది చూస్తున్నారో ఉంటుంది, ఒకసారి చూడండి. అమెరికాలో చూసినవాళ్ల మీద ప్రకటన రేటు కూడా మన దగ్గరికన్నా ఎక్కువ. కానీ అక్కడొక మెలిక ఉంది. అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన భాగం మీద ఆ దేశం పన్ను పట్టుకుంటుంది. నెలకు వెయ్యి డాలర్లు వస్తున్నాయని, అందులో వంద అమెరికా నుంచి అని అనుకుందాం. గూగుల్‌కు పన్ను ఫారం నింపి, పాన్ నంబరు ఇచ్చి, రెండు దేశాల ఒప్పందం కింద రాయితీ అడిగితే ఆ వందలో 15 డాలర్లు పోతాయి. ఫారమే ఇవ్వకపోతే మొత్తం వెయ్యి మీద 24 శాతం, అంటే 240 డాలర్ల దాకా పోవచ్చు. ఆ ఫారం మూడేళ్లకోసారి మళ్లీ నింపాలి. మీ ఛానెల్‌కు మూడేళ్లు నిండాయి కదా, ఇవాళే చూసుకోండి.

ఇక వస్తువుల సిఫారసు. 2024 అక్టోబరు నుంచి మన దేశంలో కూడా వీడియోలో వాడిన వస్తువును ఫ్లిప్‌కార్ట్, మింత్రా నుంచి ట్యాగ్ చేసి, అమ్ముడైతే కమిషన్ తీసుకునే వీలు వచ్చింది. మీరు నిజంగా వాడే కత్తెర, టేపు, కుట్టు విప్పుకునే సీమ్ రిప్పర్ లాంటివి ట్యాగ్ చేయండి. పెద్ద డబ్బు రాదు, చిల్లర వస్తుంది. చిల్లరకు వంక పెట్టనక్కర్లేదు.

కంపెనీ ప్రకటనల గురించి మాత్రం ఒక మాట. నేను అయిదారేళ్లు మిద్దె తోటల ఛానెల్ నడిపాను. ఒక ద్రవ ఎరువు కంపెనీ పదిహేను వేలు ఇస్తే, వారం వాడి చూసి బాగుందని చెప్పాను. వారంలో ఎరువు మంచిచెడ్డలు తెలియవని నాకు తెలియక కాదు. నెల తిరిగేసరికి కామెంట్ల నిండా పసుపుపచ్చగా మారిన టమాటా ఆకుల ఫొటోలు. ఆ తరువాత నేను వేపపిండి మంచిదన్నా నమ్మినవాళ్లు లేరు. మీకు మిషన్ కంపెనీ నుంచో, దారాల కంపెనీ నుంచో పిలుపు వస్తుంది. కనీసం యాభై జాకెట్లు కుట్టాకే మాట్లాడతానని చెప్పండి. డబ్బు తీసుకున్నా, వస్తువు ఉచితంగా తీసుకున్నా వీడియోలో తెలుగులోనే స్పష్టంగా ‘ఇది ప్రకటన’ అని చెప్పాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో నియమాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా ఉంది. కంపెనీ ఇచ్చిన మిషన్ మీరే ఉంచేసుకుంటే, ఏడాదిలో అలా వచ్చినవాటి విలువ 20 వేలు దాటినప్పుడు కంపెనీ పది శాతం పన్ను మినహాయించాలన్నది కూడా గుర్తు పెట్టుకోండి. తిప్పి పంపేస్తే ఆ బెడద లేదు.

పొడవు వీడియోలు ఆపకండి. ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటన వస్తుంది. ఎక్కడ రావాలో మీరే గుర్తు పెట్టవచ్చు. మొన్నటి ప్రిన్సెస్ కట్ వీడియోలో సరిగ్గా చంక వంపు దగ్గర కత్తెర తిరుగుతుండగా ప్రకటన పడింది. నేర్చుకునే మనిషి చేతిలో కూడా ఆ క్షణాన కత్తెర ఉంటుంది, గుడ్డ సగం తెగి ఉంటుంది. దాన్ని కాగితం గీయడం అయిపోయి, గుడ్డ పరిచే ముందుకు జరపండి.

మాట తీరు మార్చుకోవాలా అని కూడా మీకు అనిపించవచ్చు. వద్దు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన యూట్యూబ్ ఛానెల్ మై విలేజ్ షో తన ఊరి యాసను, ఊరి మనుషులనే నమ్ముకుంది. అందులోని గంగవ్వ 2020లో బిగ్ బాస్ దాకా వెళ్లింది, మాట మార్చుకోలేదు. మీరు వీడియోల్లో ‘ఇదిగో, ఇక్కడ మనసు పెట్టండి’ అంటారే, ఆ మాట కోసమే వస్తున్నవాళ్లు ఉన్నారు.

టైలరింగ్ పని మానకండి. రోజూ కొత్త ఒంటికి కొలతలు తీసుకునే మనిషి కాబట్టే మీ మాటకు విలువ. మానేస్తే ఆరు నెలల్లో చెప్పడానికి ఏమీ మిగలదు.

వచ్చే ఆదివారమే మొదటి లైవ్ పెట్టేయండి. మా అక్క ఈ సమాధానం నా భుజం మీదుగా చదివింది. తన బోట్ నెక్ జాకెట్టు కుడి భుజం జారుతోందట, ఎడమది జారడం లేదట, కారణం నాకు తెలుసా అని అడుగుతోంది. నాకు తెలియదు. సమయం ఖాయం చేసి రాయండి, ఫొటో పంపుతుంది. వంద రూపాయలు కూడా చదివిస్తుందట, పేరు పెట్టి పిలిస్తేనే.